మాడు రకం

కాశీబుగ్గ బట్టీలో
మా అమ్మ ముందు నాలుగు గంపలు.
తెల్ల గుండు. బద్ద. ముక్క.
నాలుగోది మాడు.

అక్షరాలకంటే ముందు నాకొచ్చిన మాట అది.
పలక మీద కాదు, చేట అంచున నేర్చుకున్నాను.
పప్పు వీపున గోధుమరంగు మచ్చ
నా చిటికెన గోరంత.
ఇది కాలిపోయిందా అమ్మా అంటే
చెయ్యాపకుండా చెప్పేది:
"కాలిందంటే అయిపోనట్టు, గుంటా.
మాడిందంటే ఇంకా ఉన్నట్టు.
ధర తగ్గుతాది, అంతే."

ఇంట్లో ఆ మాటకి ఇంకా చాలా పనులుండేవి.
అట్టు మాడేది. బల్బు మాడేది.
చేబదులు అడిగితే ఎదురింటి జోగమ్మ మొహం మాడేది.
బట్టీకి సరుకు రాని వారాల్లో
మా కడుపులు మాడేవి, మలమల.
ఆ మలమల నిజంగా వినబడుతుందేమోనని
నా పొట్టకి నా చెవి అందక
తమ్ముడి పొట్టకి ఆనించి విన్నాను.
గుడగుడ తప్ప ఏమీ లేదు.

నడినెత్తిని కూడా మాడే అంటారని
ఆముదం అద్దుతూ అమ్మమ్మ చెప్పింది.
ఎండకి మాడే చోటు కాబట్టి ఆ పేరొచ్చిందనుకున్నాను.
వైశాఖంలో సద్దిగిన్నె పట్టుకుని
వట్టి కాళ్ళతో రైలుకట్ట దాటుతుంటే
నేను అనుకున్నదే సరైన వ్యాకరణం అనిపించేది.

అసలు వ్యాకరణం బళ్ళో మేస్టారు చెప్పారు.
మాడు అకర్మకం. మాడ్చు సకర్మకం.
మాడ్చు అంటే మాడ్చేవాడొకడు ఉంటాడు, వాడు కర్త.
మరి కడుపు మాడింది అన్నప్పుడో, అని లేచాను.
"అది జాతీయం. అందులో కర్తని వెతక్కూడదు.
కూర్చో."
కూర్చున్నాను.

అన్న ఢిల్లేశు మోటార్ల కొట్టులో చేరాడు.
చేలగట్ల మీంచి మోసుకొచ్చిన మోటారుని
విప్పకముందే వాసన చూసి చెప్పేవాడు, కాయిల్ మాడిందని.
పాత రాగి తీసి కొత్తది చుట్టేవాడు.
మనిషికి అలా చుట్టే కొట్టు లేదేటే, అని
ఒక రాత్రి తాగొచ్చి అడిగాడు.
పొద్దున్న గుర్తు చేస్తే
నానెప్పుడన్నాను, అన్నాడు.

తుపానుకి ఉద్దానం తోటలు పడిపోయిన ఏడు
బట్టీ మూశారు.
డిపోలో బియ్యానికి అమ్మ వేలు పెట్టింది.
మిషను ఒప్పుకోలేదు.
బొటనవేలు. చూపుడువేలు. మళ్ళీ బొటనవేలు,
కొంగుకి తుడిచి, జుట్టుకి రాసి.
ఇరవయ్యేళ్ళ జీడి నూనె
ఆ గీతలన్నీ తినేసింది.
నల్లగా, నున్నగా,
ఎవరివో చెప్పలేని వేళ్ళు.
డీలరు కామయ్య చెడ్డవాడు కాదు.
"ఏటి తవిటమ్మా, ఏళ్ళు మాడిపోనాయి గదా" అన్నాడు.
వెనక లైన్లో ఎవరో నవ్వారు.
అమ్మ మొహం మాడలేదు, చూస్తూనే ఉన్నాను.
మాడింది నాది.

తొమ్మిదీ అయ్యాక
ఎడమచేతి చిటికెనవేలు పెట్టింది.
పచ్చ లైటు.
ఆ వేలెప్పుడూ కత్తి పట్టలేదు, పిక్క ముట్టలేదు.
మిగతావి నలుగుతుంటే
పెళ్ళికొచ్చి పనందుకోని చుట్టంలా
పక్కకి జరిగి నిలబడేది.

సాయంత్రం పొయ్యి ముందు
మంట వెలుగులో ఆ వేలినే
తిప్పి తిప్పి చూస్తూ కూచుంది.
గీతలు లెక్కపెడుతోందో ఏమో.
వాసన ముందు నాకే తగిలింది.
"అమ్మా, కూడు మాడతంది!"
ఉలిక్కిపడి దించింది.

పైమెతుకులు అన్నకీ తమ్ముడికీ.
అడుగున అంటిన చెక్కని అట్లకాడతో లేపి
రెండుగా విరిచి, పెద్దది నాకిచ్చింది.
ఇది ఏ గంపలోదమ్మా, అన్నాను.

"ముందు తిను" అంది.